హెప్సీకి తలంటు

మా లారెల్ వాగు లోయలో వెర్డీ అత్తకు భయపడని మగవాడు లేడు. నేనూ భయపడేవాణ్ణే. మనిషి చూడబోతే నా భుజం దాకా రాదు. కింది పెదవి లోపల ఎప్పుడూ పొగాకు పొడి కుక్కుకుని ఉంటుంది. అయినా శనివారం గురి పందెం ముగించుకుని మేం తుపాకులు భుజాన వేసుకుని ఆవిడ ఇంటి ముందు నుంచి వస్తుంటే, మాకు తెలీకుండానే అడుగులు నెమ్మదించేవి.

"ఒరే హైరమ్, ఇంటికెళ్ళి తుపాకీ కడుగుతావా, అలాగే మూలన పడేసి తొంగుంటావా?"

"కడుగుతానత్తా."

"నీ మొహం. నువ్వేం కడుగుతావు. ఇటు రా, వాసన చూడనీ."

నిజంగానే తుపాకీ మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేది. పోయిన శనివారం మసి ఇంకా లోపలే ఉందో లేదో ఆవిడ ముక్కు చెప్పేస్తుంది. ఉందని తేలితే ఇక మన పుట్టు పూర్వోత్తరాలన్నీ వరండాలో నిలబెట్టి ఏకరువు పెట్టేది. నేను చాలాసార్లు దొరికిపోయాను. వాగు అవతలి నుంచి చుట్టు దారిన పోతే బాగుండేదని ప్రతిసారీ అనుకునేవాణ్ణి. ఒక్కసారీ పోలేదు. ఎందుకంటే తిట్టడం అయ్యాక కాఫీ, మొక్కజొన్న రొట్టె పెట్టేది.

ఆవిడ మొగుడు లాంజో మామ. మా లోయలో అంతటి గురి ఉన్నవాడు లేడు. ఆయన తుపాకీ పేరు హెప్సీ. అది ఆయన నాయనమ్మ పేరు. ఆ ముసలావిడ కూడా పొడుగ్గా, సన్నగా, గట్టి గొంతుతో ఉండేదట. మూతిలోంచి మందు పోసి, పైన గుండు దట్టించి, వెనక రాగి టోపీ పెట్టి పేల్చే పాతకాలపు రైఫిల్ అది. నిలబెడితే వెర్డీ అత్త కంటే పొడుగు. గొట్టం లోపల మెలికలు తిరుగుతూ సన్నటి చాళ్ళు ఉంటాయి. గుండు ఆ చాళ్ళ వెంబడి గిర్రున తిరిగి రావడం వల్లే గురి తప్పకుండా పోతుంది. ఆ చాళ్ళలో తుప్పు పట్టిందా, ఇక అది దూలానికి తగిలించుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

అప్పటికే తూటాల తుపాకులు ఊరూరా వచ్చేశాయి. వేటకు మేమూ అవే పట్టుకెళ్ళేవాళ్ళం. కానీ దుంగ మీద పందేనికి మాత్రం పాతవే తేవాలి. బోర్లా పడుకుని, దుంగ మీద తుపాకీ ఆనించి, ఎవరి చెక్క పలక వాళ్ళే కాల్చి నల్లగా చేసి తెచ్చుకుని, దాని మీద కత్తితో గీసుకున్న అడ్డగీతల కూడలిని కొట్టాలి. పందెం ఎద్దు మాంసం. తొడ వాటాలు మొదటి ఇద్దరికి, జబ్బ వాటాలు తర్వాతి ఇద్దరికి, తోలూ కొవ్వూ ఐదోవాడికి. ఆరో వాటా అని ఒకటుంది. అది గురి చెట్టులో దిగబడ్డ సీసం. గెలిచినవాడు గొడ్డలి తెచ్చుకుని చెట్టు చెక్కి తీసుకోవాలి. నాకు ఎప్పుడైనా ఏదైనా వచ్చిందంటే ఆ సీసమే వచ్చింది.

కాపురానికి వచ్చిన కొత్తలో వెర్డీ అత్తకు తుపాకుల గొడవే తెలీదట. మొదటి పందెం నాడు లాంజో మామ మాంసం భుజాన వేసుకుని వచ్చి, పొయ్యి మీదున్న చిక్కుళ్ళ గిన్నె దింపి, చిక్కుళ్ళు ఇంకో దాంట్లో పోసి, ఆ గిన్నెలోనే నీళ్ళు కాచి హెప్సీని కడిగాడు. తారులాంటి నీళ్ళు దిగాయి. ఇల్లంతా కుళ్ళిన గుడ్ల కంపు. తర్వాత వారం రోజులు ఆ గిన్నెలో ఏం వండినా అదే కంపు.

"ఇంకోసారి నా వంటగిన్నె ముట్టుకున్నావంటే నీ హెప్సీ వాగులో ఉంటుంది. ఇకనుంచి దాని సంగతి నేను చూసుకుంటా. నా కెటిలూ, నా నీళ్ళూ. నువ్వు పేల్చి అవతల పెట్టు, అంతే" అంది వెర్డీ అత్త.

ఆ మాట అనిపించుకోవడానికే చిక్కుళ్ళ గిన్నె వాడానని లాంజో మామ మాకు పాతికసార్లు చెప్పి ఉంటాడు. ఆవిడ వినేలాగే చెప్పేవాడు. "చెప్పుకో, చెప్పుకో. ఊళ్ళో ఏ ఆడదైనా సవతికి తలంటు పోస్తుందా? నేను పోస్తున్నా. అదీ నా ఖర్మ" అనేది ఆవిడ. ఖర్మ అంటున్న మనిషి మొహంలో మాత్రం ఎక్కడా బాధ కనపడేది కాదు.

ఆ తలంటు చూడాల్సిందే. ముందు తుపాకీ చెక్క కాడ దగ్గరి మరలు విప్పి, టోపీ పెట్టే మొన ఊడదీసి, ఆ బెజ్జం కింద బొక్కెన పెట్టేది. మూతిలో గరాటు పెట్టి గోరువెచ్చటి నీళ్ళు పోసేది. ఆ తర్వాత బూడిద నీళ్ళతో తనే కాచుకున్న సబ్బు కలిపిన నీళ్ళు. కర్ర కొసకు నార చుట్టి పైకీ కిందికీ లాగుతుంటే నల్లటి నీళ్ళు బెజ్జంలోంచి చిమ్ముకొచ్చేవి. తేటగా వచ్చేదాకా పోస్తూనే ఉండేది. ఆఖరున సలసల కాగే నీళ్ళు. గొట్టం చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, ఆ వేడికి లోపలి తడి దానంతటదే ఆరిపోవాలి. తర్వాత పొడి నార, దాని తర్వాత ఉప్పు తగలని పంది కొవ్వు. అంతటితో అయిందనుకుంటే పొరపాటే. మర్నాడు ప్రార్థనకు వెళ్ళే ముందు మంచి గౌను వేసుకునే, ఇంకో తెల్లగుడ్డ లోపల తిప్పి తీసి వెలుతుర్లో పట్టి చూసేది. ఎర్రటి జీర ఏ మాత్రం కనిపించినా మళ్ళీ పొయ్యి రాజేసేది. దేవుడు కాసేపు ఆగుతాడు, తుప్పు ఆగదు అనేది.

ఎస్టిల్ సంగతి కూడా చెప్పాలి. లాంజో మామకు పినతండ్రి కొడుకు, వెర్డీ అత్తకు మరిది వరస. గురిలో లాంజో మామ తర్వాత అతనే, ఆ రెండో స్థానంలోనే ఉండిపోయానన్న కడుపుమంటా కొద్దిగా ఉంది. ఒకసారి తన తుపాకీ కాడ విరిగితే హెప్సీని అడిగి తీసుకెళ్ళాడు. చక్కగా కడిగాడు కూడా. కాకపోతే ఇంట్లో మామూలు కొవ్వు అయిపోయిందని, దూలానికి వేలాడుతున్న ఉప్పుమాంసం ముక్క కోసి దాంతో గొట్టం తోమాడు. ఉప్పుకీ ఇనుముకీ ఎంత పగో మాలో పాలుతాగే పిల్లాడికి కూడా తెలుసు. తెలిసీ చేశాడంటే సోమరితనం, ఇంకేం కాదు.

"ఏం మరిదీ, హెప్సీని శీతాకాలానికి ఊరేశావా? బీన్సులో వేసుకుని తింటావా?" అని వెర్డీ అత్త నలుగుర్లో నిలదీసింది. ఆ మచ్చలు పోవడానికి ఆవిడ వారం పాటు ఇసుకా నూనే కలిపి రుద్దింది. ఆ ఏడాది అంతా ఆ ఇంట్లో ఎస్టిల్‌కి కాఫీ లేదు. అతను వరండా మెట్ల మీద కూర్చుని మేం తాగుతుంటే చూసేవాడు, పాపం. అయినా రావడం మానలేదు.

అలా నడిచిపోతుండగా ఒక ఆకురాలు కాలంలో లాంజో మామ పోయాడు. జబ్బేమీ లేదు. గద్ద కోడిపిల్లల మీద పడుతోందని మధ్యాహ్నం పూట హెప్సీని దట్టించి, తలుపు మీద కొక్కేలకు తగిలించి, కంచర గాడిదకు మేత వేయడానికి వెళ్ళాడు. కొట్టం గుమ్మంలోనే కూలబడి ఉన్నాడు. నేనూ ఎస్టిలూ మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాం. వెర్డీ అత్త ఏడవలేదు. ఆయన బూట్లు విప్పి, మట్టి దులిపి, పొయ్యి పక్కన పెట్టింది. అంతే.

ఖననం అయ్యాక ఎస్టిల్ తలుపు మీది హెప్సీని చూసి, "వదినా, అది దట్టించి ఉంది. పేల్చి ఇస్తాను, కడిగి పెట్టుకో" అన్నాడు. మంచి మాటే అన్నాడు.

"దాని మీద చెయ్యి వేశావంటే విరగ్గొడతా" అంది వెర్డీ అత్త.

అప్పుడు మాకెవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒకరోజు నేను కట్టెలు వేయడానికి వెళ్తే తనే చెప్పింది. "ఆ గుండు మీ మామ చేత్తో చేసిన ఆఖరి పనిరా. పేల్చేస్తే పొగే గదా మిగిలేది. ఆయన చేసింది చేసినట్టు ఒక్కటైనా ఉండనీ."

ఏం చెప్పను? తుపాకీని కడగాలంటే ముందు గుండు బయటికి రావాలి. గుండు బయటికొస్తే లాంజో మామ చేతి పని పోతుంది. ఉంచేస్తే అడుగునున్న మందు చెమ్మ పీల్చి చాళ్ళను తినేస్తుంది, హెప్సీ పోతుంది. ఈ సంగతి వెర్డీ అత్తకు మా అందరికంటే బాగా తెలుసు. తెలిసి కూడా అలా వదిలేసింది. మనిషి మీది ప్రేమ ఇనుమును కూడా చంపుతుందని నేను అప్పుడే చూశాను.

చలికాలం గడిచింది. వాన వదలని వసంతం గడిచింది. ఆవిడ రోజూ స్టూలు ఎక్కి హెప్సీని పైపైన తుడిచేది. కాడకు నూనె, ఇత్తడికి బూడిద. లోపలికి మాత్రం పోయేది కాదు. దట్టించే కర్రను కూడా లోపల పెట్టనిచ్చేది కాదు, గుండు కదులుతుందట. శనివారాలు మేం ఇంటి ముందు నుంచి పోతుంటే వాసన చూడటం మానేసింది. కడుగుతావా అని అడగటం మానేసింది. కాఫీ పోసేది, కానీ తిట్లు లేని కాఫీ మాకు దిగేది కాదు. నేనైతే ఒకసారి కావాలనే మసి తుపాకీ ఆవిడ కుర్చీ పక్కన ఆనించి కూర్చున్నాను. చూసి ఊరుకుంది. ఆ రోజు నాకు నిజంగా భయమేసింది.

ఆకురాలు కాలం వచ్చి మళ్ళీ ఎద్దు మాంసం పందెం దగ్గరపడింది. ఒక పొద్దున ఆవిడ మా ఇంటికే వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి. చేతిలో తెల్లగుడ్డ.

"మూతి అంచున వేలు పెట్టి తిప్పా. చూడు."

గుడ్డ మీద ఎర్రగా ఉంది.

"మూతి దగ్గరే ఇలా ఉంటే అడుగున ఎలా ఉంటుందో" అంది. "మీ మామ ఉంటే నన్ను ఇంట్లోంచి వెళ్ళగొట్టేవాడు. ఆయన గుండు దాచుకుందామని ఆయన తుపాకీని చంపుతున్నా గదరా."

"ఏం చేద్దామంటావత్తా?"

"ఏముంది. పందేనికి తెస్తా. ఎట్లాగూ పోయే గుండు, ఆయన మనుషుల మధ్య, ఆయన దుంగ మీంచే పోనీ."

పందెం నాడు ఆవిడ హెప్సీని భుజాన వేసుకుని కొండెక్కి వచ్చింది. రెండో చేతిలో పలక. తనే నిప్పుల్లో కాల్చి, తనే గీతలు గీసింది. ఎవరు పేలుస్తారని ఎవరూ అడగలేదు. ఆవిడ తలగుడ్డ సర్దుకుని, గౌను కాళ్ళకు చుట్టుకుని, దుంగ వెనక బోర్లా పడుకుంది. ఆడవాళ్ళు అలా పడుకోవడం మా పందెంలో అంతకుముందు ఎవరూ చూడలేదు. మేమంతా ఏమీ చూడనట్టు ఆకాశంకేసి చూశాం.

ఎస్టిల్ తుపాకీకి రాగి టోపీ పెట్టి ఇచ్చాడు. ఆవిడ చాలాసేపు గురి చూసింది. గురి చూడటం కాదు, వదల్లేకపోతోంది. చివరికి నొక్కింది.

టోపీ టప్‌మంది. అంతే, తుపాకీ పేలలేదు.

ఒక్కోసారి మందు ఆలస్యంగా అంటుకుంటుంది, అందుకని మూతి గురికేసే ఉంచి అందరం వెనక్కి జరిగాం. ఏమీ కాలేదు. ఇంకో టోపీ పెట్టారు. అదీ టప్‌మంది.

"మందు చెమ్మగిల్లి చచ్చిపోయి ఉంటుంది" అన్నాను నేను. ఎస్టిల్ హెప్సీని తీసుకుని, దట్టించే కర్రను మూతిలోంచి దించాడు. ఆ కర్ర మీద లాంజో మామ చాకుతో కోసిన గాట్లు రెండున్నాయి. తుపాకీ ఖాళీగా ఉంటే కర్ర పై గాటు దాకా లోపలికి దిగుతుంది, మందూ గుండూ దట్టించి ఉంటే కింది గాటు దగ్గరే ఆగుతుంది. ఎస్టిల్ కర్రను చూశాడు, పైకి లాగి మళ్ళీ దించాడు, మళ్ళీ చూశాడు. కర్ర రెండు గాట్లకూ మధ్యలో నిలబడింది.

"వదినా" అన్నాడు. "గుండు ఉంది. దాని కింద మందు లేదు."

మందు పోయడం మరిచిపోయి ఉత్తి గుండు దట్టించడం మాలో అందరం ఏదో ఒకనాడు చేసిన పనే. చేసినవాణ్ణి ఆ ఏడంతా ఏడిపిస్తారు. నేను చేసినప్పుడు లాంజో మామ చంచాతో మందు పట్టుకుని మా ఇంటికి వచ్చి, 'హైరమ్‌కి రెండు పూటలా పట్టించండి, మతిమరుపు తగ్గుద్ది' అని మా ఆవిడకు చెప్పిపోయాడు. తను మాత్రం పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ అలా చేయలేదని ఆయన గొప్ప. అది నిజమే.

ముందు నవ్వింది వెర్డీ అత్తే. మోచేతుల మీద లేచి, దుంగ మీద తల ఆనించి, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. "చచ్చి బతికిపోయాడ్రా ముసలోడు. ఉండుంటే మీరంతా కలిసి పీక్కు తినుండేవాళ్ళు." అప్పుడు మేమూ నవ్వాం. ఏడాదిగా ఎవరికీ రాని నవ్వు అది.

"టోపీ మొన విప్పి, ఆ బెజ్జంలోంచి రెండు పలుకులు మందు కూరితే చాలు, గుండు బయటికి పోతుంది. పేల్చేద్దామా?" అన్నాడు ఎస్టిల్.

"వద్దు. లాగు."

కర్ర కొసకు మర మేకు బిగించి, గుండులోకి తిప్పి, తుపాకీని మోకాళ్ళ మధ్య పట్టుకుని ఎస్టిల్ లాగాడు. నేను రెండో వైపు పట్టుకున్నాను. మెల్లమెల్లగా వచ్చింది. గుండు చుట్టూ ఇంకా గుడ్డ ఉంది, వెర్డీ అత్త పాత దిండు గలీబు చింపి కోసిన ముక్క, నీలం చారతో సహా. గుడ్డ విప్పితే సీసం మీద దాని నేత అచ్చు పడి ఉంది. ఎస్టిల్ దాన్ని ఆవిడ అరచేతిలో పెట్టాడు. తర్వాత శుభ్రమైన గుడ్డ లోపల అడుగు దాకా తిప్పి తీశాడు. టోపీ మసి, పాత కొవ్వు పసుపు, మూతి దగ్గరి ఆ ఒక్క ఎర్రటి జీర. లోపల ఇంకెక్కడా తుప్పు లేదు.

"మందు లేకపోబట్టి బతికింది వదినా. మచ్చ కూడా పడలేదు. ఉప్పు పూసినా నిలిచింది, దీన్ని చంపేవాడు లేడు" అన్నాడు ఎస్టిల్. తన తప్పు తనే ఎత్తుకున్నాడు, ఆవిడ మళ్ళీ తిడుతుందేమోనన్న ఆశతో. ఆవిడ వినలేదు. గుండు వైపే చూస్తోంది.

"అన్నకి ఆ రోజు ఒంట్లో బాగోలేదా ఏంటి? అలా మరిచిపోయే మనిషి కాదు గదా" అన్నాడు అతను మెల్లగా.

వెర్డీ అత్త లేచి దుంగ మీద కూర్చుంది.

"బానే ఉన్నాడు. నేనే పక్కన నిలబడి వాగుతూ ఉన్నా. బొక్కెన కారుతోందని, బాగు చేయించమంటే చేయించవని, ఏదో ఒకటి. మీ మామ సంగతి మీకు తెల్సుగా, తుపాకీ చేతిలో ఉంటే పిడుగు పడ్డా వినడు. మందు పోసే కొమ్ము చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడన్నా. ఏవయ్యా లాంజో, రేపు నేను పోతే నీ హెప్సీకి తలంటు ఎవరు పోస్తారూ అని. ఊరికే అన్నా, ఎకసెక్కానికి. పలకలేదు. కాసేపు అట్లాగే నిలబడ్డాడు. కొమ్ము పక్కన పెట్టేశాడు. గుండు తీసి దట్టించాడు. తుపాకీ తగిలించి బయటికి పోయాడు."

ఆవిడ గుండును బొటనవేలితో తిప్పింది.

"ఎప్పట్లాగే వినలేదనుకున్నానర్రా. నేనన్న ఆఖరి మాట గోడకు చెప్పినట్టు పోయిందే అనుకున్నా. ఏడాదంతా అదే నా ఏడుపు, ఎవరికి చెప్పను."

ఎస్టిల్ తల మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నేను కళ్ళు తుడుచుకున్నాను, దాచుకోవడం ఎందుకు.

"విన్నాడ్రా" అంది వెర్డీ అత్త. అప్పుడు ఏడ్చింది. ఆయన పోయిన రోజు ఏడవాల్సిన ఏడుపంతా ఆ దుంగ మీద కూర్చుని ఏడ్చింది. మేం అడ్డుపడలేదు.

కాసేపటికి ముక్కు తుడుచుకుని, హెప్సీని దగ్గరికి లాక్కుని, వెనక బెజ్జం దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. "టోపీ మసి పట్టింది. నీళ్ళు కాచాలి" అంది. గుండును ఏప్రన్ జేబులో వేసుకుని, తుపాకీ భుజాన పెట్టుకుని కొండ దిగడం మొదలుపెట్టింది. మేం పందెం మానేసి వెనకే కొంత దూరం వెళ్ళాం. ఆవిడ దారి పొడుగునా పైకే మాట్లాడుకుంటూ పోతోంది, కారే బొక్కెన గురించి, గద్ద గురించి, మా అందరి బద్ధకం గురించి. మధ్యమధ్యలో మాట ఆపి, అవతలి మనిషి జవాబు చెప్పేదాకా ఆగి, మళ్ళీ అందుకుంటోంది.